ముప్పై నాలుగో తట్ట

కోలారు బంగారు గనులు మూతపడి అయిదేళ్ళయిన ఏడు, నవంబరులో ఒక బుధవారం పొద్దున, బంగారుపేట స్టేషను ఎదుటి మేడగదిలోకి ఒక స్త్రీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పిడికిలి విప్పి ఒక ఇత్తడి బిళ్ళను బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళు మాత్రం బిళ్ళను వదల్లేదు.

భయపడినవాళ్ళను చూడడం ప్రేమకు కొత్త కాదు. ప్రైవేటు విచారణలు చేసే ఓబలప్ప దగ్గర ఆమె ఆరేళ్ళుగా సహాయకురాలు. పెళ్ళికొడుకు గురించి భయపడేవాళ్ళు, తప్పిపోయిన ఆవు గురించి భయపడేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఈమె భయం ఆ రకంది కాదని ప్రేమకు చూడగానే తెలిసింది.

ఓబలప్ప ముప్పై ఏళ్ళు రైల్వేలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైనవాడు. ఏ బండి ముందు పోవాలి, ఏది పక్క లైనులో నిలవాలి అని తేల్చడమే ఆయన ఉద్యోగం. ఆయన టీ తాగుతున్నా ఏదో కనిపెడుతున్నాడని ప్రేమ నమ్మకం. చాలాసార్లు ఆయన టీ మాత్రమే తాగుతుండేవాడు. ఇప్పుడు మాత్రం గ్లాసు పక్కన పెట్టి బిళ్ళను తిప్పి చూశాడు. దాని మీద ఒక నెంబరు చెక్కి ఉంది.

"గనుల బిళ్ళ. ఎవురిదమ్మా?"

"మా నాయనది. అమోసు ఆయన పేరు. నేను ఎవాంజలిన్. ఈ పొద్దున మా షెడ్డులో బోర్డు మీద ఇది వేలాడతా ఉండాది సార్. మా నాయనని గూడా చంపుతామని ఎవురో చెప్తా ఉండారు."

గనుల ఊరు కె.జి.ఎఫ్.లో పుట్టినవాళ్ళకు ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు. గనిలోకి దిగే మనిషి బిళ్ళ పైన బోర్డుకు వేలాడేది. పైకొచ్చి దాన్ని తీసుకుని ఇంటికి పోవాలి. షిఫ్టు అయిపోయినా బిళ్ళ బోర్డు మీదే ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అందుకే ఒకరి బిళ్ళను ఇంకొకరు ముట్టేవారు కాదు.

"గూడా అంటివి. ముందు ఎవురు పోయినారు?"

"రాయ్," అంది ఎవాంజలిన్. అప్పుడు కూర్చుంది.

ఆమె చెప్పింది ఇది. గనులు మూసేశాక అమోసు కోలారు పక్కనే తమకలో ఒక షెడ్డు పెట్టాడు. యంత్రాల పళ్ళచక్రాలను గట్టిపరచడం అక్కడి పని. ఒక పెద్ద ఇనప కుండలో ఉప్పు కరిగి ఎర్రగా కాగుతుంటుంది. చక్రాలు పేర్చిన ఇనప తట్టను అందులో ముంచి తీస్తారు. ఆ కుండలోకి నీటి తడి పోకూడదు. తడి తగిలితే కుండలో ఉప్పంతా పేలి మనిషి మీదికి లేస్తుంది. అందుకని వెనక పెరట్లో కడిగిన ప్రతి తట్టనూ ఆరబెట్టే పెట్టెలో గంటసేపు ఉంచి, ఆ తర్వాతే కుండ దగ్గరి అరుగు మీదికి తేవాలి.

ఏ తట్ట ఎప్పుడు పోవాలో తేల్చేది ఎవాంజలిన్. గనుల అలవాటునే అమోసు ఇక్కడికీ తెచ్చాడు. ఒక్కో పనికి ఒక్కో నెంబరు బిళ్ళ. బోర్డు మీద పై వరుసలో ఉంటే ఇంకా తడి. కింది వరుసకు వస్తే ఆరింది, కుండకు సిద్ధం. ఆమె తప్ప ఎవరూ బిళ్ళలు ముట్టరు.

"పోయిన వారం మంగళవారం ముప్పై నాలుగో తట్ట ఆరకుండానే కుండలోకి పోయింది సార్. లోతు బొక్కల చక్రాలవి. పైన తుడిస్తే లోపలి నీళ్ళు కనపడవు. రాయ్ ముంచినాడు. శుక్రవారం దాకా ఆస్పత్రిలో ఉండి పోయినాడు. ఇరవై ఎనిమిదేండ్లు. వాళ్ళమ్మ లూర్దమ్మకి ఒక్కడే కొడుకు. మాదీ వాళ్ళదీ కె.జి.ఎఫ్.లో ఒకే లైనులో ఇండ్లు."

"బిళ్ళ కింది వరుసలో ఉండిందా?"

"ఉండింది. పదిన్నరకు నేను చూసినాను. ఎప్పుడు తగిలించినానో గుర్తు రాలేదు. నేను తప్ప ఎవురూ ముట్టరు, అందుకని నేనే తగిలించి ఉంటాను అనుకొంటిని. కండ్లు మూసుకొంటే రెండు విధాలా కనపడతా ఉండాది సార్. తగిలించినట్టూ, తగిలించనట్టూ. శనివారం వచ్చి నన్ను తీసుకపోతానని ఎస్.ఐ. చెప్పినాడు. జైలు గురించి కాదు. నేనే చంపినానా, లేదా, అది తెలియాల నాకు."

ఓబలప్ప ఒక కాగితం ముందుకు లాక్కున్నాడు. "నీ వరుసకు లెక్క ఏందమ్మా?"

"తేదీ ముందుండే పని ముందు. తేదీ ఒకటే అయితే చిన్న పని ముందు. మధ్యలో ఎవురొచ్చి అడిగినా దూర్చను. ఒకటి దూరిస్తే వెనకాల పదీ జరిగిపోతాయి."

"ఆ మంగళవారం ఎట్ల నడిచింది వరుస?"

"ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై అయిదు, ముప్పై మూడు, ముప్పై నాలుగు."

"ముప్పై అయిదు మధ్యలో దూరిందే."

ఎవాంజలిన్ చూపు తిప్పుకుంది. "అర్జెంటు పని. బేతమంగళ రాగుల మిల్లుది, చిన్న చక్రం."

"ఎవురు అడిగినారు?"

ఆమె పెదవులు బిగించింది. ఇంకో మూడుసార్లు అడిగినా ఆ ఒక్క మాటకు జవాబు రాలేదు. ఆమె మెట్లు దిగిపోయాక ప్రేమ నోట్‌బుక్కులో ఆ ప్రశ్న కింద రెండు గీతలు గీసింది. దాచేవాళ్ళ దగ్గరే తప్పుంటుందని ఆమెకు అనిపించింది, అలా అనిపించినందుకు బాధ కూడా వేసింది.

మధ్యాహ్నానికి ఓబలప్ప, ప్రేమ ఇద్దరూ తమక చేరారు.

షెడ్డులో కాలు పెట్టగానే ప్రేమకు వెనక్కి పోవాలనిపించింది. కప్పు రేకుల మీద దాకా తెల్లటి ఉప్పు మరకలు ఎగసి గడ్డకట్టి ఉన్నాయి. కుండ చల్లారి ఉంది. దాని ముందు నేల మీద కాలిన రబ్బరు చెప్పు ఆనవాలు ఒకటి అలాగే అంటుకుని ఉంది. రెండోది ఎక్కడా కనబడలేదు. దాన్ని వెతకకూడదని తనకు తాను చెప్పుకుంటూనే ఆమె చూపు నేలంతా తిరిగింది.

పోలీసులు ముట్టవద్దన్నారు కాబట్టి బోర్డు మీద పనుల బిళ్ళలు ఆ రోజు ఉన్నట్టే ఉన్నాయి. ఓబలప్ప దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు, తర్వాత పెరట్లోకి పోయాడు. అక్కడ కడగడం, ఆరబెట్టడం చూసే అంజినప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తమక పక్క పల్లెలో రాగులు పండించుకునేవాడు, వానలు లేని ఏళ్ళలో ఇక్కడ పనికి కుదిరాడు.

"ముప్పై నాలుగు నువ్వు ఆరబెట్టినావా అంజినప్పా?"

"లేదప్పా. దేవుని మీద ఒట్టు. పొద్దున కడిగి గోడ పక్కన పెట్టినాను. తొమ్మిదిన్నరకు ఎవాంజలిన్ పాప ఆ చిన్న చక్రం తెచ్చి ముందు దీన్ని ఆరబెట్టు అన్నాది. పెట్టెలో పెట్టి వెనక్కి తిరిగితే గోడ పక్కన ముప్పై నాలుగు లేదు."

"అడగలేదా?"

"తేదీ మారిందేమో, పక్కన పెట్టినారేమో అనుకొంటిని. బోర్డు ముందర ఉంటాది, నేను వెనక ఉంటాను. అడిగుంటే ఆ పిల్లోడు బతికుండు." అతను తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

"తట్ట ఎంత బరువు?"

"ముప్పై కేజీలు ఉంటాదప్పా."

"కుండ దగ్గర ఎవురు నిలబడేది?"

"ఇద్దురు. రాయ్, అమోసు పెద్దాయన. వేడికి వరసగా రెండు తట్టలు ఒక్కరే ముంచలేరు. ఒకటి ఒకరు, ఇంగొకటి ఇంగొకరు. మొదటిది ఎప్పుడూ రాయ్‌దే. గనుల్లో గూడా అట్లనే వంతులంట."

"పేలినాక ఎవురెవురికి చెప్పినావు?"

"ముందర రోడ్డు మీది కాయిన్ ఫోను నుంచి డెన్నిస్సుకి చేసినాను. ఆయన ఆ దినము బంగారుపేటలో తిరుగుతా ఉన్నాడు, ఒక అంగడి నెంబరు ఇచ్చి పోయినాడు. కుండ పేలింది, మనిషి కాలినాడు, కోలారు ఆస్పత్రికి రా అన్నాను. అంతలోకే కట్ అయిపోయింది."

డెన్నిస్ అంటే ఎవాంజలిన్ మేనమామ. అమోసు చనిపోయిన భార్యకు తమ్ముడు. ఊళ్ళు తిరిగి పనులు పట్టుకొచ్చేదీ, అయినవి తిరిగి చేర్చేదీ అతనే. నలభై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. ప్రేమకు కుర్చీ తుడిచి వేశాడు. "పాపది చేతి పొరపాటు మేడమ్. ఆమెను తిట్టకండి. నేను తొమ్మిదింపావుకే వ్యానులో వెళ్ళిపోయినాను, ఉండుంటే చూసుకొనేవాణ్ణి," అన్నాడు. చెబుతున్నంతసేపూ కళ్ళలో నీళ్ళున్నాయి.

అమోసు లోపలి గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఒక పళ్ళచక్రం, పక్కన ఒక ఆకురాయి ఉన్నాయి. చక్రం మీద పని అయిందని తెల్ల రంగు చుక్క పెట్టి ఉంది. ఓబలప్ప ఆకురాయి తీసి చక్రం పంటి మీద ఒక్కసారి గీశాడు. సీమసున్నం రాలినట్టు పొడి రాలింది.

"కుండలో మునిగిన చక్రం మీద ఆకురాయి జారిపోవాల కదా పెద్దాయనా?"

అమోసు చక్రాన్ని తన వైపు లాక్కున్నాడు.

"సరే. ఇది చెప్పండి." ఓబలప్ప ఇత్తడి బిళ్ళను ముందు పెట్టాడు. "దీనికి కొత్త దారం కట్టి ఉండాది. మీ మెడలో శిలువకు గూడా అదే దారం. మీరే తగిలించినారు."

"నేను ఇంగా పైకి రాలేదప్పా. పోవాల్సింది ఆ పిల్లోడు కాదు, నేను. అందుకని తగిలించినాను. నా బిడ్డ భయపడతాదని అనుకోలేదు."

ప్రేమ దాన్ని ముసలి మనసు దుఃఖం అనుకుని రాసుకుంది. ఓబలప్ప మాత్రం లేచి మళ్ళీ బోర్డు దగ్గరికి పోయి, వేలితో ఒక్కో బిళ్ళనూ లెక్కపెట్టాడు. ఒకటి విడిచి ఒకటి, రెండుసార్లు. ఆయన ముఖంలో భయం ప్రేమకు కనిపించింది. ఇన్నేళ్ళలో ఆయన భయపడగా ఆమె చూడలేదు.

"ఆ ముసలాయనను ఒంటరిగా విడవకూడదు," అన్నాడు బయటికొచ్చాక, మెల్లగా. "శనివారం దాకా అంజినప్పను పక్కనే పడుకోమను."

"ఎవరినుంచి సార్ ప్రమాదం?"

"రేపు నువ్వు డెన్నిస్ వ్యానులో బంగారుపేటకు రా. దారి ఎంతసేపు పడతాదో గడియారం చూసి రాయి. అంతే. ఏమీ అడగొద్దు."

అడగొద్దన్నాక ప్రేమకు అడగవలసినవన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

గురువారం ఎండ బాగానే ఉంది. డెన్నిస్ మర్యాదగా తలుపు తీసి కూర్చోబెట్టాడు. సగం దారి దాకా వర్షాల గురించి, మామిడి తోటల గురించి మాట్లాడాడు. తర్వాత మాట ఆగిపోయింది. రోడ్డు పక్కన చెరువు కట్ట దగ్గర, మనిషి జాడ లేనిచోట, అతను వ్యాను ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు.

"మీ సారు ఎవురి మీద అనుమానపడతా ఉన్నాడు మేడమ్?"

ప్రేమకు తలుపు పిడి ఎటువైపుందో కూడా గుర్తు రాలేదు. పాప చేతి పొరపాటే అని సారు కూడా అంటున్నాడని అబద్ధం చెప్పింది. ఆ గొంతు తనదిలా లేదు. అతని కళ్ళకేసి చూడలేక ముందు అరలోకి చూసింది. అందులో నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంది. గనుల ఆస్పత్రి పుస్తకం. గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళకు వైద్యం కోసం ఇచ్చేది. దాని మీద అమోసు పేరు రాసి ఉంది.

ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇది పెద్దాయనదా?" అంది.

"ఆ. పేలిన దినము ఆస్పత్రికి తీసుకపోయినాను. తిరిగి ఇంట్లో పెట్టేది మరిచిపోయినాను." తేలిగ్గా అనేసి అతను ఇంజను స్టార్టు చేశాడు. పాప పొరపాటన్న మాటకు అతని ముఖం తెరిపినపడింది. తమక నుంచి బంగారుపేటకు, ఆగిన సమయం తీసేస్తే, నలభై నిమిషాలు పట్టింది.

మెట్లెక్కి గదిలో కూలబడి ప్రేమ అంతా చెప్పింది, పుస్తకం సంగతితో సహా. ఓబలప్ప ఆమెకు తన టీ గ్లాసు ఇచ్చాడు. "నిన్ను పంపింది నా తప్పు. ఇంగ ఎప్పుడూ అట్ల పంపను," అన్నాడు. ఆయన క్షమాపణ చెప్పడం ప్రేమకు మరింత భయం కలిగించింది.

శనివారం మూడింటికి షెడ్డులో అందరూ కూడారు. ఎస్.ఐ. తలుపు దగ్గర నిలబడ్డాడు. అమోసు, డెన్నిస్, అంజినప్ప బల్ల మీద కూర్చున్నారు. నల్ల చీరలో లూర్దమ్మ ఒక్కతే దూరంగా స్టూలు మీద కూర్చుంది. ఆమె చూపు పడినప్పుడల్లా ఎవాంజలిన్ తల దించుకుంటోంది.

"మొదట ఈమె సంగతి తేల్చుదాం," అన్నాడు ఓబలప్ప. "బిళ్ళ తప్పుగా తగిలించి ఉంటే బిళ్ళ ఒక్కటే కింది వరుసకు వచ్చేది. తట్ట పెరట్లోనే ఉండేది. ముప్పై కేజీల తట్ట తనంతట నడిచి రాదు కదా ఎస్.ఐ. గారూ. ఎవురో తడి తట్టను మోసుకొచ్చి ఆరిన తట్టల అరుగు మీద పెట్టినారు, బిళ్ళను గూడా మార్చినారు. ఇది పొరపాటు కాదు, హత్య."

ఎవాంజలిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డెన్నిస్ అంజినప్పకేసి తిరిగి చూశాడు.

"రాయ్‌ను చంపేంత పగ ఎవురికి? ఎవురికీ లేదు. ఇక్కడే అందరూ నిలిచిపోయినారు. నేను గూడా నిలిచిపోయినాను. పెద్దాయన ఒక మాట అన్నాడు, పోవాల్సింది నేను అని. ప్రేమా, బిళ్ళలు తగిలించు."

ప్రేమ కింది వరుసలో నాలుగు బిళ్ళలు తగిలించింది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు.

"తొమ్మిదింపావుకు బోర్డు ఇట్లుండాది. చివరిది అప్పుడే హంతకుడు తగిలించినాడు. ఒకటి రాయ్, ఒకటి పెద్దాయన. లెక్కపెట్టండి. ముప్పై ఒకటి రాయ్, ముప్పై రెండు పెద్దాయన, ముప్పై మూడు రాయ్. ముప్పై నాలుగు?"

అమోసు తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"చంపాలనుకొన్నది అమోసును. కానీ ముప్పై అయిదు మధ్యలో దూరింది. అది రాయ్ వంతుకు వచ్చింది, ముప్పై మూడు పెద్దాయనకు పోయింది, ముప్పై నాలుగు మళ్ళీ రాయ్ చేతికొచ్చింది. రైల్లో ఒక స్పెషల్ బండి దూరిస్తే వెనక బండ్లన్నీ వేరే ప్లాట్‌ఫారం మీదికి పోతాయి. హంతకునికి ఆ స్పెషల్ బండి సంగతి తెలీదు. తెలిసుంటే తట్టను ఒక స్థానం జరిపేవాడు, లేదా ఆ దినము మానుకొనేవాడు. ఎవాంజలిన్‌కు తెలుసు, ఆమే దూర్చింది. అంజినప్పకు తెలుసు, ఆయనే ఆరబెట్టినాడు. అది రాకముందే వెళ్ళిపోయినవాడు ఒక్కడే."

"నేను వ్యానులో ఉన్నంత మాత్రాన..." అని డెన్నిస్ లేచాడు. గొంతు ఇంకా మర్యాదగానే ఉంది. "ఇదంతా లెక్క సార్. సాక్ష్యం యాడ ఉండాది?"

"నీ వ్యానులో ఉండాది. అంజినప్ప ఫోనులో ఎవురు కాలినారో చెప్పలేదు. మనిషి కాలినాడు అన్నాడు, ఫోను కట్ అయ్యింది. పదకొండు ముప్పావుకు ఆ మాట విన్నావు. బంగారుపేట నుంచి కోలారుకు నలభై నిమిషాలు. నువ్వు ఆస్పత్రికి వచ్చింది రెండు గంటలకు, రిజిస్టరులో ఉండాది. మధ్యలో ఎదురుదిక్కున కె.జి.ఎఫ్.కు పోయి, పెద్దాయన ఇంట్లో ఆయన ఆస్పత్రి పుస్తకం తీసుకొని వచ్చినావు. గనుల ఇంట్లో పుట్టినవాడివి. మనిషికి దెబ్బ తగిలిందంటే కాళ్ళు ముందు పుస్తకం కోసం పోతాయి. రాయ్‌కు అట్లాంటి పుస్తకమే లేదు, వాడు ఎన్నడూ గనుల్లో పనిచెయ్యలేదు. కాలింది అమోసు అని నీకు ఎవురు చెప్పినారు డెన్నిస్?"

డెన్నిస్ మళ్ళీ కూర్చున్నాడు.

"పెద్దాయన బల్ల మీది చక్రం సంగతి గూడా చెప్పేస్తాను. ఊళ్ళల్లో తేదీలు ఇచ్చేది నువ్వు. కుండ ఒక్కటే, తేదీలు పది. తీరకపోతే ముంచని చక్రాలకే తెల్ల చుక్క పెట్టి పంపినావు. అట్లాంటిదొకటి విరిగి ముళబాగిలు దగ్గర ట్రాక్టరు డ్రైవరుకు కాలు పోయింది. ఆ ట్రాక్టరులోనే ఉన్న రెండో చక్రం పెద్దాయనకు దొరికింది. నిన్న ఆయనే నాకు చెప్పినాడు. పోయిన వారం బుధవారం వాళ్ళ దగ్గరికి పోయి నిజం చెప్తానని నీతో అన్నాడు. నీకు మంగళవారమే మిగిలింది."

"భయమయ్యింది బావా," అన్నాడు డెన్నిస్. అమోసుకు తప్ప ఎవరికీ చెబుతున్నట్టు లేదు. "వద్దని కాళ్ళు పట్టుకొంటిని కదా. పాపకు శిక్ష పడదు, పొరపాటు అంటారు అనుకొంటిని. వ్యాను తోల్తా ఉంటే మనసు ఆగలేదు. బతికుంటే బాగుండు అని పుస్తకం తెచ్చినాను."

డెన్నిస్‌ను పన్నెండేళ్ళ వయసు నుంచి పెంచింది అమోసే. ఎస్.ఐ. వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడు డెన్నిస్ లేచి, అలవాటుగా తను కూర్చున్న చోటును చేత్తో తుడిచి, బయటికి నడిచాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఎవాంజలిన్ తప్ప. ఆమె ఇంకా బోర్డు దగ్గరే, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చంపింది తను కాదని తేలిపోయింది. అయినా ఆ ముఖంలో భయం బుధవారం కన్నా ఎక్కువగా ఉంది. ప్రేమకు అప్పుడు గానీ అర్థం కాలేదు ఆమె ఎవరికి భయపడుతోందో.

లూర్దమ్మ లేచి బోర్డు దగ్గరికి వచ్చింది.

"ఆ మధ్యలో దూరిన పని ఎవురిది సార్?"

"అది కేసుకు అవసరం లేదమ్మా," అన్నాడు ఓబలప్ప.

"బేతమంగళ రాగుల మిల్లుది," అంది లూర్దమ్మ. "మా చెల్లెలి ఇంటిది. జనము రాగులు పెట్టుకొని మూడు దినాలుగా కూచోనుండారు అంటే, నేనే ఆ పొద్దున బస్సులో సంచిలో పెట్టుకొని తెచ్చి నీ చేతికి ఇచ్చినాను. ముందు చెయ్యి పాపా అని నేనే అడిగినాను."

ఎవాంజలిన్ జారి నేల మీద కూర్చుండిపోయింది.

"నీకు తెలుసు కదా," అంది లూర్దమ్మ. "అందుకే ఎవురు అడిగినారంటే చెప్పలేదు. జైలుకు పొయ్యేదానికైనా ఒప్పుకొంటివే గానీ నా పేరు చెప్పలేదు."

"చెప్పలేకపోయినాను అత్తా."

లూర్దమ్మ చాలాసేపు ఆ ఇత్తడి నెంబర్ల కేసి చూసింది. చదువు రాదు, అయినా వేలు పెట్టి ఒకటి విడిచి ఒకటి లెక్కపెట్టింది. "అట్లయితే ఆ చక్రాన్ని ముంచింది నా కొడుకేనా?"

"రాయే అత్తా."

"బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది. ఆ దినమే వాళ్ళు వచ్చి తీసుకపోయినారు."

లూర్దమ్మ తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, వంగి ఎవాంజలిన్ చెయ్యి పట్టుకుంది.

"లెయ్ పాపా," అంది. "నాకు ఇంటికి ఒక్కదాన్నే పోను భయంగా ఉండాది. నువ్వు గూడా రా."